మూడు పాయింట్ తొమ్మిది అంగుళాలు

నేను ఘంటాపథంగా చెబుతున్నాను, మంచు కురిసే ఊరికి కావలసింది మంచు తోసే బండి కాదు. ఒక చెక్క పలక, ఒక స్కేలు, వాటి ముందు మోకాళ్ల మీద కూర్చునే ఒక మనిషి. ఈ మూడూ దొరికితే ఆ ఊరు బాగుపడినట్టే!

అంటారియో సరస్సు గట్టున ఆ అదృష్టం మాకు పట్టింది. మా పక్కింటి నార్బర్ట్ పోస్టాఫీసులో రిటైరయ్యాక వాతావరణ వాలంటీరుగా చేరాడు. పెరట్లో తెల్లరంగు వేసిన పలక పరిచాడు. రోజూ ఉదయం ఏడింటికి దాని మీది మంచును అంగుళంలో పదోవంతు కూడా వదలకుండా కొలిచి, లెక్క వాతావరణ శాఖకూ, రోడ్ల ఆఫీసుకూ పంపి, పలక తుడిచేస్తాడు. ఏమీ పడకపోతే సున్నా అని పంపుతాడు. పడని మంచుకు కూడా లెక్క చెప్పేవాడు మీ ఊళ్లో ఉన్నాడా?

ఇదివరకు మా రోడ్ల ఆఫీసు ఎంత మొరటుగా నడిచేదో చెబితే నవ్వుతారు. అక్కడి పెద్దాయన తలుపు తీసి బూటుకాలు బయట పెట్టేవాడు. బూటు మునిగితే బండి బయల్దేరేది. ఇదీ ఒక పద్ధతేనా? ఇప్పుడంతా సైన్సు! నార్బర్ట్ పలక మీద నాలుగు అంగుళాలు పడితేనే మాలాంటి చిన్న సందుల్లోకి బండి వస్తుంది.

మొన్న మంగళవారం పలక మీద మూడు పాయింట్ తొమ్మిది.

ఆ రోజే మావారు క్లిఫర్డ్ తుంటి ఆపరేషన్ కట్టు మార్చడానికి నర్సు డోరీన్ రావాలి. గాయం చీము పట్టింది, రెండు రోజులుగా జ్వరం. నాకు భయం వేసింది, దాచుకోవడం దేనికి? పైగా రాత్రంతా సరస్సు మీది గాలి పొలాల్లో మంచునంతా ఊడ్చుకొచ్చి మా వాకిట్లో పోసింది. నా నడుం దాకా ఉంది. అయితే మాత్రం, కంటికి కనిపించిందల్లా నమ్మే రోజులా ఇవి?

నార్బర్ట్ భార్య వెల్మా నా తరఫున మొగుణ్ని బతిమాలింది. కిటికీ తెరిచి మరీ విన్నాను.

"ఒక్క పదోవంతు కలపవయ్యా. అవతల మనిషి జ్వరంతో పడున్నాడు."

"నాకు మాత్రం బాధ లేదా? కానీ ఇవాళ ఒక పదోవంతు కలిపితే, పదకొండేళ్ల నించీ నే రాసిందంతా దొంగలెక్క అయిపోదూ?"

ఇంత నిజాయితీపరుడు మా పక్కింట్లో ఉన్నందుకు గర్వపడుతూ రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదస్తురాలు. మా వాకిట్లో నడుం లోతుందంటే, కొలిచిందెవరని అడిగింది. నేనే, నా నడుంతోనే అన్నాను. నాకు ట్రైనింగ్ లేదని తెలిసి జాలిపడింది.

"మేడమ్, మీ వాకిట్లో ఉన్నది కురిసిన మంచు కాదండి. గాలికి కొట్టుకొచ్చింది. అది మా లెక్కలోకి రాదు."

నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను! వెంటనే వెళ్లి, మన వాకిట్లో అసలు మంచే లేదని మావారికి శుభవార్త చెప్పాను. దుప్పటిలోంచి ఆయన ఏదో అన్నారు. అది పత్రికలో నేను రాసే ఈ శీర్షికలో వేసుకునే మాట కాదు.

మధ్యాహ్నానికి డోరీన్ వచ్చేసింది. పెద్ద రోడ్డు దగ్గర కారు ఆపి, సందులో నడుచుకుంటూ వచ్చింది. గాయం కడిగి, కట్టు మార్చి, డాక్టరుతో మాట్లాడి మందు మార్పించింది. ఇంకొక్క రోజు గడిచి ఉంటే ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చేదని వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఇంతకీ ఆమె ఎలా రాగలిగిందని బయటికి వచ్చి చూశాను. మా గుమ్మం నుంచి పెద్ద రోడ్డు దాకా మనిషి పట్టేంత దారి తవ్వి ఉంది. దాని చివర నార్బర్ట్, వెల్మా చెరో పార మీద వాలి రొప్పుతున్నారు. లెక్క పంపిన దగ్గర్నుంచీ ఇదే పనట. ఇద్దరి చేతులూ పట్టుకుని దండం పెట్టాను. అయినా పత్రికకు రాసేదాన్ని కదా, వృత్తిధర్మం వదలకుండా, మొత్తం ఎన్ని అంగుళాలు తవ్వారని నార్బర్ట్‌నే అడిగాను.

"కొలవలేదు, ఇర్మా. తవ్వేశాం, అంతే."

పదకొండేళ్ల అనుభవమున్న మనిషి ఇంత బాధ్యత లేకుండా ప్రవర్తిస్తాడా? రోడ్ల ఆఫీసుకు ఫిర్యాదు రాసేశాను. కొలవకుండా తవ్వే మనుషులు కూడా ఈ ఊళ్లో ఉన్నారని వాళ్లకు తెలియాలి కదా!