బానెట్ ఎత్తి చూడనిదే నమ్మకం కుదరదు!

కెనడాలో మన తెలుగువాళ్ళను కాపాడుతున్నది హెల్త్ కార్డూ కాదు, పీఆర్ కార్డూ కాదు. ఆరా! ఎదుటివాడి పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా నిద్రపోని మన ఆరా! దాన్ని కొందరు న్యూసెన్స్ అంటారు. నేను వరం అంటాను.

నమ్మరా? అయితే గ్వెల్ఫ్‌లో మా భీమారావుగారి డ్రైవ్‌వేలోకి రండి. ఆయన ఐటీలో మేనేజరు. ఈమధ్యే యాభై ఏళ్ళనాటి ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నారు. అందులో ఇద్దరే పడతారు, అదీ ఊపిరి బిగబట్టుకుంటే. ఇంజిన్ ఒరిజినలే అన్నాడు అమ్మినవాడు. అన్నంత మాత్రాన నమ్మేస్తామా? ఆదివారం పొద్దున్నే నిజనిర్ధారణ కమిటీ వేశాం. కమిటీలో అందరం సాఫ్ట్‌వేరే. అయినా బానెట్ ధైర్యంగానే ఎత్తాం.

కమిటీ పెద్ద యజ్ఞనారాయణగారు సూత్రం చెప్పారు.

"పైనున్న బ్యాడ్జీ నమ్మకూడదండీ, ఎవడైనా అతికిస్తాడు. పెయింటూ నమ్మకూడదు. జిడ్డు గోకితే ఇంజిన్ బ్లాక్ మీద కొట్టిన నంబరుంటుంది. దాని పుట్టుక అక్కడ బయటపడుతుంది!"

ఎంత గొప్ప మాట! అందరం గోకడం మొదలుపెట్టాం.

అప్పుడే మధుమిత వచ్చింది. కొత్తగా దిగిన స్టూడెంటు. కాలేజీలు సీట్లిచ్చినంత ధారాళంగా ఊరు గదులివ్వలేదు కదా! ఫ్రెండు గదిలో నేలమీద పడుకుంటోంది. ఆ ఓనరేమో ఈ వారంలో వెళ్ళిపొమ్మన్నాడు. భీమారావుగారి బేస్‌మెంట్ అద్దెకు ఖాళీగా ఉందని వాట్సాప్ గ్రూపులో చూసి, బస్సెక్కి వచ్చేసింది.

భీమారావుగారు చేతులు తుడుచుకుని ఆప్యాయంగా అడిగారు.

"ఏ ఊరమ్మా?"

"జగిత్యాల పక్కన, అంకుల్."

"ఊళ్ళో ఏ వైపు మీ ఇల్లు? నాన్నగారి పేరేంటి?"

"కొమరయ్య, అంకుల్."

"కొమరయ్య... వెనకాల ఇంకేం లేదా?"

"ఏం లేదంకుల్. ఉత్త కొమరయ్యనే."

గమనించండి, ఎవరూ కులం అడగలేదు! మేమంత అనాగరికులమా? శనివారాలు నీచు తింటారా, పెళ్ళిళ్ళు ఎవరితో చేసుకుంటారు, మీ ఊరి ఫలానావాళ్ళు మీకేమవుతారు అని మాత్రమే అడిగాం. జనరల్ నాలెడ్జ్ కోసం!

ఆ పిల్ల ఓపిగ్గా అన్నీ చెప్పి, చివరికి అంది.

"నిన్న ఇంకో గది చూసిన అంకుల్. ఆ ఓనరు ఇవేం అడగలే. క్రెడిట్ స్కోర్ అడిగిండు. వచ్చి నెల గూడ కాలే, నాకేడిది?"

చూశారా! పరాయివాడికి అంకెలు కావాలి. మనవాడికి మనిషి కావాలి!

భీమారావుగారికి ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చింది. బేస్‌మెంట్‌లోకి బంధువులు వస్తున్నారట. మధుమిత "సరే అంకుల్" అని బస్టాప్ వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. నిజం చెప్పొద్దూ, నా మనసు చివుక్కుమంది. కానీ పని మధ్యలో ఉన్నాం కదా!

ఎట్టకేలకు నంబరు దొరికింది. యజ్ఞనారాయణగారు దాన్ని ఫోన్‌లో వెతికి తెల్లబోయారు.

"ఇది స్పోర్ట్స్ కారుది కాదండీ! ఏదో పాత డెలివరీ వ్యాన్ ఇంజిన్!"

భీమారావుగారు కూలబడతారని కుర్చీ కూడా తెచ్చాం. ఆయన హాయిగా నవ్వేశారు.

"అయితేనేం అండీ? ఎక్కడ పుడితేనేం, పరుగు చూడండి ఎంత స్మూత్‌గా ఉందో! దీన్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటాను."

అందరం చప్పట్లు కొట్టాం. ఇంత విశాలహృదయం ఇంకే జాతికైనా ఉందా? చలికి పాడవుతుందని ఆయన గరాజ్‌లో హీటర్ కూడా పెట్టించారు. బేస్‌మెంట్ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. వస్తామన్న ఆ బంధువులెవరో వాళ్ళావిడకే తెలియదు.

మధుమిత గది కోసం ఇంకా తిరుగుతూనే ఉంది. మా ఇంట్లోనూ బేస్‌మెంట్ ఖాళీయే. మరి మీరివ్వొచ్చు కదా అని మీరు నన్నడగొచ్చు. తప్పకుండా ఇవ్వొచ్చు. నాకేం పట్టింపుల్లేవు. వాళ్ళమ్మగారి పుట్టిల్లు ఏ ఊరో, అదొక్కటి తెలిస్తే చాలు!