ఇరవై ఏడో నంబరు సైటు

ఆ శనివారం పొద్దున శ్రీపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, రెండు ఫోన్లు చేయాలి, పదింటికల్లా ఆఫీసులో ఉండాలి. 1999 సెప్టెంబరులో మెల్‌బోర్న్ కంప్యూటర్ మనుషులకు శనివారమని ప్రత్యేకంగా ఏమీ లేదు. ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలే ఉన్న చోటల్లా నాలుగంకెలు చేయడం శ్రీపతి ఉద్యోగం. కంప్యూటర్లు 2000ని 1900 అనుకుని జనవరి ఒకటిన లోకం మునిగిపోకుండా చూసే ఆ హడావుడిలో, ఇంట్లో ఉన్న భార్య లలితకుమారిని పగటి వెలుతురులో చూసి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

అందుకే మొదటి ఫోను ఓవెన్స్ నది ఒడ్డున, కొండల మధ్య ఉన్న ఒక క్యాంపుగ్రౌండుకు చేశాడు. గుడారం వేసుకోవడానికి అక్టోబరులో రెండు రాత్రులకు చోటు దొరికింది. రెండో ఫోను టీమ్ లీడరు గోపాలరావుకి, సెలవు కోసం.

"అక్టోబర్ ఎయిత్, ఫ్రైడే, నాకు లీవ్ కావాలండీ. ఓవెన్స్ నది పక్కనే మంచి సైటు దొరికింది. లేట్ చేస్తే పోతుందని ఇప్పుడే బుక్ చేసేశా."

ఇంగ్లీషులో సైటు అంటే చోటు. తెలుగులో సైటు అంటే ఇళ్ళస్థలం, ఇంకేమీ కాదు. శ్రీపతి ఖర్మకొద్దీ ఫోనులో తెలుగు మాట్లాడాడు.

వంటింట్లోంచి లలితకుమారి చేతిలో అట్లకాడతోనే వచ్చేసింది. "నిజంగానాండీ? మన పేరు మీదే?"

"మన పేరు మీదే. నంబర్ ట్వంటీ సెవెన్."

"నీళ్ళకి ఇబ్బంది లేదుగా?"

"పక్కనే నదాయె. కుళాయి కూడా ఉందిట."

"మరి కరెంటు?"

"అదొక్కటే లేదు. అన్‌పవర్డ్."

"పోన్లెండి, తర్వాత పెట్టించుకోవచ్చు. ఎంత ఉంటుంది?"

"ఎయిట్ మీటర్స్ బై ఎయిట్."

లలితకుమారి మనసులోనే లెక్కకట్టింది. "డెబ్భై ఆరు గజాలు. ఇద్దరికి చాలదూ!" అని, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పెనం మీద అట్టు మాడిపోయింది. క్యాంపింగంటే దీనికి ఇంత ఇష్టమని తెలీకపోయెనే అనుకుంటూ శ్రీపతి ఆఫీసుకు బయల్దేరాడు.

ఆ కన్నీళ్ళకు కారణం వేరు. మూడేళ్ళలో వాళ్ళు నాలుగు అద్దె ఇళ్ళు మారారు. ఈ ఊళ్ళో అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలంటే ఏజెంటు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఇవ్వడు. తెలుగు క్యాలెండరు ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో వేలాడుతూ ఉండేది, పాలు తీసినప్పుడల్లా కింద పడేది. కుండీలో పెంచుకుంటున్న కరివేపాకు మొక్క కూడా నాలుగు ఇళ్ళూ తిరిగింది గానీ నేల మాత్రం చూడలేదు. తనదనుకునే చోట ఒక్క మేకు కొట్టాలని లలితకుమారికి ఎంత కోరికో, అడిగినవాళ్ళు లేక ఎవరికీ చెప్పలేదు.

గోపాలరావు ఫోను పెట్టగానే భార్య కాత్యాయనితో అన్నాడు: "చూశావా, నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాడు రివర్ ఫ్రంట్ సైటు కొట్టేశాడు!" కాత్యాయని మధ్యాహ్నంలోగా ఆరుగురికి చెప్పింది. సోమవారం ఆఫీసులో జనం వచ్చి శ్రీపతి చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆ రోజుల్లో సెలవు దొరకడమే పెద్ద విశేషం కాబట్టి, దానికే కాబోలు అనుకుని అతను అందరికీ థాంక్స్ చెప్పాడు.

ఆ వారం క్యాంపుగ్రౌండు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లలితకుమారి నిలబడే చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆ సాయంత్రం శేషుకుమారి అనే ఆవిడ ఫోను చేసి "సైటు కొన్నారట!" అంటే, "అవునండీ, నదొడ్డునే" అంది.

అక్టోబరు ఎనిమిదిన గుడారం, స్టవ్, పులిహోర కారెక్కాయి. లలితకుమారి కరివేపాకు కుండీ కూడా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదెందుకు లలితా?"

"దానికీ కాస్త గాలి మారుతుంది."

నది మోకాలి లోతున, గులకరాళ్ళ మీద గలగలమంటూ పారుతోంది. అవతల కొండ మీద ఇంకా మంచు ఉంది. అద్దెకు తెచ్చిన గుడారానికి పధ్నాలుగు మేకులు. శ్రీపతి సుత్తి ఎత్తగానే ఆమె లాక్కుంది. "నేను కొడతా" అని మొదటి మేకుకు పసుపు రాసి బొట్టు పెట్టి, పధ్నాలుగూ తనే కొట్టింది. ఎక్కడ మేకు దిగినా అడిగేవాడు లేడన్న సంతోషం ఆమె చేతుల్లో తెలుస్తోంది. పసుపు ఎందుకో శ్రీపతికి బోధపడలేదు గానీ, ఆమె నవ్వు చూసి అడగబుద్ధి కాలేదు.

శనివారం పొద్దున టీ తాగుతుంటే, నదొడ్డునే వెతుక్కుంటూ వచ్చిన ఒక కారు శ్రీపతి కారు చూసి సైటు ముందు ఆగింది. గోపాలరావు, కాత్యాయని, పట్టుపంచెలో రాజారావు దిగారు. రాజారావు వారంలో అయిదు రోజులు డేటాబేసులు, రెండు రోజులు పౌరోహిత్యం చూస్తాడు.

"సర్‌ప్రైజ్!" అన్నాడు గోపాలరావు. "శంకుస్థాపనకి పిలవకపోతే మాత్రం రాకుండా ఉంటామా ఏంటి? మేకులు కూడా కొట్టేశారే!"

శ్రీపతి నోరు తెరిచేలోగా ఆయన దిక్సూచి తీసి నాలుగు వైపులా తిరిగాడు. "ఈశాన్యంలో నీళ్ళు. టాయిలెట్లు వాయవ్యంలో, అదీ నూటయాభై గజాల దూరంలో! ఏం వాస్తయ్యా బాబూ! పక్క ట్వంటీ ఎయిట్ ఖాళీయేనా?" అంటూ దాన్ని అడుగులతో కొలవసాగాడు.

"అదికాదండీ, ఇది సైటు..."

"సైటని తెలుసులేవయ్యా!"

రాజారావు టెంకాయ కొట్టి, ఎండుగడ్డి పక్కనే హారతి కర్పూరం వెలిగించాడు. పొగ చూసి క్యాంపుగ్రౌండు రేంజరు, టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, నీళ్ళ బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. కర్పూరం ఆరింది, రాజారావు పంచె తడిసింది. పొయ్యిలో తప్ప నిప్పు పెట్టకూడదని ఆవిడ కేకలేసింది.

గోపాలరావు ఛాతీ విరిచి ముందుకొచ్చాడు. "మేడమ్, దిస్ ఈజ్ ప్రైవేట్ ల్యాండ్. హీ ఈజ్ ద ఓనర్!"

ఆవిడ శ్రీపతిని ఎగాదిగా చూసి, చేతిలో కాగితం తిరగేసింది. ఈయన రేపు పదింటిదాకానే ఓనరని, పదీ అయిదుకి గుడారం కనబడకూడదని చెప్పి, ఖాళీ బకెట్టుతో వెళ్ళిపోయింది.

గోపాలరావు దిక్సూచి జేబులో వేసుకున్నాడు.

"సైటన్నావుగా?" అన్నాడు గోపాలరావు.

"సైటునే సైటన్నానండీ."

"తెలుగులో అలా అంటారుటయ్యా!" అని ఆయన ఎర్రబడ్డాడు. అయినా నాలుగు గంటలు కారు నడిపి వచ్చినందుకు పులిహోరకు అలగలేదు. తిని, ప్లేట్లు కడిగి, మధ్యాహ్నానికి ముగ్గురూ వెళ్ళిపోయారు.

శ్రీపతికి అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మాడిన అట్టు, డెబ్భై ఆరు గజాలు, పసుపు, కుండీ. లక్షల లైన్ల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేవాడు ఇంట్లో ఒక్క మాట పట్టలేకపోయాడు. లలితకుమారి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాతి మీద కూర్చుంది. అతను వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"సారీ లలితా. నువ్వు నిజంగా స్థలమే అనుకున్నావు. నాకు తెలీలేదు."

"అనుకున్నాను. నాలుగు రోజులు. తర్వాత వాళ్ళ లెటర్ వచ్చిందిగా, చెకౌట్ టెన్ ఏఎమ్ అని."

"తెలిసీ ఊరుకున్నావా?"

"అప్పటికే అందరూ ఫోన్లు చేసి కంగ్రాట్స్ చెప్తున్నారండీ. ఎవరికీ కాదని చెప్పబుద్ధి కాలేదు. మూడు వారాలు నాకూ ఓ సైటుంది. పడుకునేప్పుడు వంటిల్లు ఎటు పెట్టాలా, మొక్క ఎక్కడ పాతాలా అనుకుంటూ పడుకున్నా." ఆమె కాలితో ఒక గులకరాయి దొర్లించింది. "బాగుందండీ. మీరొచ్చేసరికి రోజూ నిద్రపోయేదాన్ని గానీ, లేకపోతే మీకూ చెప్పేదాన్ని."

శ్రీపతికి తామిద్దరూ ఒకరికొకరు ఎంత దూరమయ్యారో ఆ చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాకే తెలిసింది. "వంటిల్లు ఎటు పెట్టావు?" అని అడిగాడు. ఆమె ఆశ్చర్యంగా చూసి, లేచి, గుడారం వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. ఎండ వాలేదాకా ఇద్దరూ అడుగులతో గదులు కొలుచుకున్నారు. లేని గోడకు క్యాలెండరు కూడా పెట్టారు.

ఆదివారం పదికి అయిదు నిమిషాల ముందు సైటు ఖాళీ అయింది. మేకులు లలితకుమారే పీకింది.

మర్నాడు గుడారం తిరిగి ఇస్తుంటే షాపువాడు మేకులు లెక్కపెట్టి, పదమూడే ఉన్నాయన్నాడు. శ్రీపతి తల ఎత్తి చూశాడు. లలితకుమారి గోడమీది పోస్టర్లు శ్రద్ధగా చదువుతోంది.

"పధ్నాలుగోది మా సైటులో ఉంది" అన్నాడు శ్రీపతి.