వేడెక్కని ఇంజనాయిల్

"లోకంలో నేరస్థులు రెండే రకాలు. నేను పట్టుకున్నవాళ్ళు, నా అడ్రసు తెలియక బతికిపోయినవాళ్ళు."

ఈ మాట అన్నది నా స్నేహితుడు డేగ. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. కళ్ళజోడు తీస్తే సొంత చెయ్యి కూడా ఆనదు గాని, పేరు మాత్రం డేగ. అప్పటిదాకా తేల్చిన కేసు ఒక్కటే, ఆ కళ్ళజోడు మాయమైన కేసు. దానిమీద కూర్చున్నాడు, చప్పుడైంది, కేసు తేలింది.

ఇక నా మోటారుసైకిలు సంగతి. అది నాకంటే చిన్నదే అయినా ఆయాసం మాత్రం నాకంటే ఎక్కువ. మిల్లు దగ్గర ఎత్తు ఎక్కేసరికి ఇంజను కుతకుతలాడిపోతుంది. ఒకసారి పట్టేసి నడిదారిలో ఆగిపోయింది కూడా.

"ఇంజనాయిల్ ఎంత వేడెక్కిందో చూపించే మీటరు పెడతాను మామయ్యా. ముల్లు నూట ముప్పై డిగ్రీల సెంటీగ్రేడు దాటితే ఆగి, చల్లారాక పోదువుగాని" అన్నాడు మా ఆవిడ మేనల్లుడు. వాడు ఆ నెలే సొంతంగా మెకానిక్ షెడ్డు తెరిచాడు. నా బండే వాడికి తొలి పని.

హ్యాండిల్ దగ్గర గుండ్రటి మీటరు, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర వేలెడంత సెన్సారు. ఇంజను అడుగున ఆయిల్ దింపే బోల్టు ఉంటుంది కదా, అది తీసేసి ఆ చోట సెన్సారు బిగించాలి. మేనల్లుడు మా ఇంటిముందే పని మొదలుపెట్టాడు. మీటరు అమర్చి, తీగ లాగి, బోల్టు విప్పి పళ్ళెంలో వేశాడు. పాత ఆయిల్ కారుతుంటే సెన్సారుకి మట్టి అంటకుండా సీటు కింద దాచాడు. ఇంతలో వీధి చివర ఎవరి బండో ఆగిపోయిందని పిలుపొచ్చింది.

"నువ్వు పోయిరా అల్లుడూ, మిగతాది నాకొదిలెయ్" అన్నాడు డేగ.

"సెన్సారు బిగించి కొత్త ఆయిల్ పొయ్యాలి మామా. వచ్చు కదా?"

"నన్నా అడుగుతున్నావు?"

నేను గుమ్మంలో కునుకు తీసి లేచేసరికి డేగ చేతులు తుడుచుకుంటున్నాడు. "బోల్టు బిగించా, ఆయిల్ పోశా, సీటు మూశా. ఇక నీ బండి నాడి నీ కళ్ళముందే."

మర్నాడు ఎత్తు ఎక్కాను. ఇంజను పొగలు కక్కుతోంది, నా పిక్కలు కాలుతున్నాయి, మీటరు ముల్లు మాత్రం ముప్పై ఆరు దగ్గర హాయిగా కాళ్ళు చాపుకుంది. నేను దిగితే మెల్లగా కిందికి జారింది. ఎక్కి కూర్చుంటే మళ్ళీ ముప్పై ఆరు.

డేగ భూతద్దంతో ముల్లును పరీక్షించాడు. ఆయిల్ చుక్క నాలుకమీద వేసుకుని, ఉమ్మేసి, గొంతు తగ్గించాడు.

"ఇది వేడెక్కని ఆయిల్. సముద్రాల అవతలి ముఠా సరుకు. వాళ్ళ మనిషి మన మధ్యే ఉన్నాడు."

"ఎవడ్రా?"

"ఈ నెలలో షెడ్డు తెరిచినవాడు."

డేగ గొంతు తగ్గించినా నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. సాయంత్రానికి మేనల్లుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "తొలి పనే దొంగ పని అంటే రెండో బండి ఎవడిస్తాడు మామయ్యా? షెడ్డుకి తాళం వేసుకుని మళ్ళీ ఎవడికో స్పానర్లు అందించుకోవాలి. ఒక్కసారి విప్పి చూస్తాను."

"సాక్ష్యం ముట్టుకోకూడదు" అని డేగ బండికి అడ్డంగా నిలబడ్డాడు.

మా ఆవిడ దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది. "మా అన్న కొడుకు ముఠావాడా అన్నయ్యగారూ? వాడు చిన్నప్పుడు బలపం పోయినా ఏడ్చేవాడు."

"ఉక్కపోస్తుంటే దుప్పటేమిటే?" అన్నాను.

"నా దుప్పటి, నా ఇష్టం."

డేగ నిపుణుణ్ణి పిలిపించాడు. అంటే ఎదురింటి ఆసుపత్రి కాంపౌండరు. నేను బండిమీద కూర్చుని ఉండగా ఆయన ముల్లు చూసి, "ముప్పై ఆరు. బండికి జ్వరం లేదు. దీనికోసమా పిలిచారు?" అన్నాడు.

"నిపుణుడు కూడా భయపడుతున్నాడు" అన్నాడు డేగ నా చెవిలో. ఆ తర్వాత వీధినంతా పోగుచేశాడు. "నేరాన్ని మళ్ళీ జరిపిద్దాం. చెల్లెమ్మా, వాణ్ణి వెనకేసుకొచ్చావుగా, నువ్వే బండెక్కు. ఒరే, తాళం తిప్పు, ఇంజను మాత్రం స్టార్ట్ చెయ్యకు."

మా ఆవిడ గొణుక్కుంటూనే ఎక్కి కూర్చుంది. నేను తాళం తిప్పాను. ముల్లు కదిలింది. ముప్పై ఆరు దాటింది. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. ఇంజను కిమ్మనకుండానే ఆయిల్ వేడెక్కుతోంది. వీధంతా బండిచుట్టూ మూగింది.

డేగ వేలెత్తి చూపించాడు. "ముఠా నాయకురాలు."

"మీ నోట్లో మన్నుపడ" అంటూ మా ఆవిడ విసురుగా దిగబోయింది. కళ్ళు తిరిగాయి. పడిపోతూ సీటు పట్టుకుంది. డేగ మూశానన్న సీటు కదా, ఊడి ఆమెతోపాటు కిందికి వచ్చింది. నేను ఎలాగో ఇద్దరినీ పట్టుకున్నాను, ఆవిణ్ణీ సీటునీ.

సీటు ఉండాల్సిన చోట సెన్సారు వెచ్చగా పడుకుని ఉంది.

కాంపౌండరు మా ఆవిడ నుదురు తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కాలిపోతోంది. ఎప్పట్నించమ్మా?"

"మొన్నట్నించి. చెబితే సూది పొడుస్తారుగా" అంది, దుప్పట్లోకి మొహం లాక్కుంటూ.

మేనల్లుడు ఆ సెన్సారుకేసి, డేగకేసి చూశాడు. "మామా, నువ్వు బిగించిన బోల్టు ఏది?"

"బోల్టంటే బోల్టే. అక్కడ పళ్ళెంలో ఉంటే బిగించా" అన్నాడు డేగ.

సూదీ పడింది, జ్వరమూ దిగింది. మేనల్లుడు సెన్సారును దాని చోట బిగించాడు. ఎత్తుమీద ముల్లు నూట ముప్పై ఒకటి చూపించగానే ఆగి, ఇంజను చల్లారేదాకా గట్టుమీద కూర్చున్నాను. ఇక షెడ్డుకి రెండో పని ఎవరిదనుకున్నారు? కాంపౌండరుది. సూదికి భయపడి జ్వరం లేదని బొంకేవాళ్ళ కోసం ఆసుపత్రి బల్ల కింద అలాంటి మీటరే పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఆ బల్లమీద ఎవరూ కూర్చోవడం లేదు, నిలబడే ఉంటున్నారట.

డేగ మాత్రం కేసు మూయలేదు.

"అన్నీ తేలాయిరా, ఒక్కటి తప్ప" అన్నాడు నిన్న. "సెన్సారు బిగించమని అంత స్పష్టంగా చెబితే, ఆ పాత బోల్టు మళ్ళీ బిగించిన వెధవ ఎవడు?"

"దొరుకుతాడా?"

"ఎక్కడికి పోతాడు? వాడి అడుగుజాడ దొరికింది. నా చెప్పు సైజే."