వానకోటులో వేట

"నా కళ్లు గప్పి ఈ ఇంట్లో నేరం చేయగల మొనగాడు ఇంకా పుట్టలేదు!" అని ప్రకటించి, శ్రీవారు వానకోటు తొడుక్కున్నారు. బయట ఎండ మండిపోతోంది. అయినా ఆ కోటు లేనిదే ఆయన బుర్ర పనిచేయదు.

పోయింది ఒక నీలం ఊలు ఉండ. శ్రీమతి తమ కూతురి పసిబిడ్డకు అల్లుతున్న స్వెట్టరుకు ఇంకా ఒక చెయ్యి మిగిలే ఉంది. సాయంత్రం బస్సుకు బిడ్డను చూడటానికి వెళ్లాలి. ఆ రంగు ఊలు కొట్లో కూడా అయిపోయింది.

"ముందు క్లూ కావాలి. ఏమోయ్, అసలు క్లూ అంటే ఏమిటో తెలుసా? పాత ఇంగ్లీషులో దారపు ఉండ! చిక్కుదారుల మేడలో దారం విప్పుకుంటూ వెళ్లి, దాన్నే పట్టుకుని బయటపడ్డాడట ఒక వీరుడు. దాంతో దారి చూపేదల్లా క్లూ అయింది. ఇప్పుడేమో దొంగను పట్టించేది క్లూ!"

"ఆ ఉండే పోయిందని కదండీ నా ఏడుపు!"

ఆయన వినిపించుకోలేదు. భూతద్దంతో మంచాల కిందా బల్లల చుట్టూ ఇల్లంతా గాలించి, తల్లి ముందు ఆగారు.

"అమ్మా, పొద్దున ఎక్కడున్నావు?"

"నిద్రలో. సాక్ష్యం కావాలంటే నా గురకనడుగు."

అంతలో ఆయన కళ్లు మెరిశాయి. నేల మీద నీలం దారం!

"హంతకుడి జాడ!"

"ఎవరూ చావలేదురా!" అంది తల్లి.

దారం వెంట వంటింట్లోకి, మంచం చుట్టూ, మళ్లీ హాల్లోకి పరుగెత్తారు. ఎంత పరుగెత్తినా దారం తరగదే! పైగా వెనక ఇంకాస్త పుట్టుకొస్తోంది.

"గడుసువాడు! నేను కదిలితేనే కదులుతున్నాడు!"

మూడు కుర్చీల మధ్య కాళ్లకు దారం చుట్టుకుని దబ్బున పడ్డారు. వానకోటు జేబులోంచి ఊలు ఉండ దొర్లుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర ఆగింది. పొద్దున అల్లుతూ అల్లుతూ, కుర్చీకి వేలాడుతున్న ఆ కోటు జేబులోకే తను ఉండ జారవిడిచిందని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. దారం కొస ఇంకా కుర్చీ మేకుకే చిక్కుకుని ఉంది.

"చూశావా? కేసు తేల్చేశాను!" అన్నారాయన నేల మీంచి.

"మరి దొంగో?" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

"అదే... పారిపోయాడు."

"వాణ్ణి ముందు లేవదీయమ్మాయ్," అంది అత్తగారు.

"ఉండండత్తయ్యా." ఆవిడ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, తీరిగ్గా దారం చుట్టడం మొదలుపెట్టింది. "ఏవండీ, కదలకండి. క్లూ తెగితే మనవడికి చెయ్యి ఉండదు."