ఇఫ్రా మొదటి రోజా

ఖమర్‌బీ సంచీ సర్దడం పొద్దున్నుంచి ఇది మూడోసారి. తువ్వాలు, బొమ్మ, కొత్త గౌను. ఆరేళ్ల మనవరాలు ఇఫ్రాకు పుచ్చిన పాలపళ్లు నాలుగు ఇవాళ మహబూబ్‌నగర్ దవాఖానలో తీస్తారు. నోట్లో వేలు పెట్టిన ప్రతి డాక్టరునూ కరిచింది కాబట్టి పూర్తిగా మత్తిచ్చే తీస్తామన్నారు. మత్తులోకి పోయిన పిల్ల మళ్లీ లేస్తుందా అన్నదే ఖమర్‌బీ దిగులు. పైకి అంటే నిజమవుతుందని ఆ మాటే ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు.

పక్కింటి గోవిందమ్మ గ్లాసులో పాలు తెచ్చింది.

"వద్దు గోవిందమ్మా. పిల్ల పొద్దటి సంది నీళ్లు గుడ ముట్టలే."

అది రంజాన్ నెల; పిల్లలు మొదటిసారి రోజా, అంటే ఉపవాసం, ఉంటే కొత్త బట్టలు తొడిగి, పూలదండలు వేసి వేడుక చేస్తారు. సంచీలో కొత్త గౌను కనబడుతోంది. గోవిందమ్మ ముఖం విప్పారింది.

"గింత పోరి రోజా ఉన్నదా? నాకొక్క మాట చెప్తే ఏం బోయె?"

కాదంటే అసలు సంగతి చెప్పాలి. ఖమర్‌బీ ఊరుకుంది.

గంటలో వాడకట్టంతా పూలదండలతో వచ్చింది. జడ్చర్ల నుంచి మరిది ముజఫ్ఫర్ మిఠాయి డబ్బాలతో జీపు దిగాడు.

"సంచీతోని ఎటు భాబీ?"

"ఊకనే, దవాఖాన దాంక."

"అయితే జీపెక్కుండ్రి."

తొమ్మిదిమంది ఎక్కారు. ఆటో తెచ్చిన కొడుకు సైఫ్ ఏదో అనబోయి, తల్లి చూపు చూసి తనూ ఎక్కాడు.

"పాప ఏమన్న తిన్నదా?" అని అడిగింది దవాఖానలో నర్సు.

"లేదు. రోజా ఉన్నది," అన్నారు అందరూ గర్వంగా.

"మంచిగైంది. మత్తిచ్చేటప్పుడు కడుపు ఖాళీగనే ఉండాలె."

అందరి చూపులూ ఖమర్‌బీ మీద పడ్డాయి. నర్సు పిల్ల మెడలోని దండలన్నీ తీసి గోవిందమ్మ చేతికిచ్చి, ఇఫ్రాను లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది.

"నాతోని గుడ దాస్తివా?" అంది గోవిందమ్మ, ఖమర్‌బీ చెయ్యి వదలకుండానే.

తెల్లవారుజామున రోజాకు ముందు తినే సహర్‌లో ముద్ద దిగని ఖమర్‌బీ ఉన్నచోటే కూలబడింది.

ఇఫ్రా కళ్లు తెరిచేసరికి పక్క మంచం మీద దాదీ ఖమర్‌బీ ఉంది, చేతికి సెలైనుతో.

"దాదీకి గుడ పండ్లు పీకిన్రా?"

"లేదు బిడ్డా. నీ మీద ఫికర్‌తోని గిట్ల పడ్డది," అంది గోవిందమ్మ.

"మల్ల లేస్తదా?"

"లేస్తది. జర ఆగు."

ఇఫ్రా దాదీ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆమె కళ్లు విప్పేదాకా తీయలేదు.

సాయంత్రానికి పోయినవాళ్లంతా తిరిగొచ్చారు, ఖమర్‌బీతో సహా. రానివి నాలుగు పళ్లే; అవి పోయింది మంగళవారం, పదకొండుంబావుకు.