రెండు ఎంబీల్లో పట్టని మిరపకల్లం

ఆ రోజు చెంచయ్య అనుకున్న పని చాలా చిన్నది. కల్లంలో తడిసిన మిరపకాయలకి పొద్దున్నే ఫొటో తీయించడం, రైతు సేవా కేంద్రంలో ఇచ్చేయడం, పదింటికల్లా ఇంటికొచ్చి చద్దన్నం తినడం. అకాల వానకి కాయంతా నాని, రంగుపోయి తాలయింది. పరిహారం వస్తేనే వచ్చే ఏడు పొలానికి కౌలు కట్టగలడు. గడువు ఆ సాయంత్రం అయిదింటి వరకే.

ఊళ్లో మిగతావాళ్లు సెల్లుతో తీసి పంపేశారు. చెంచయ్యకి అది ఆనలేదు. తన తాలుకాయని ప్రభుత్వం కాయకాయగా చూడాలి. అందుకని పెళ్లిళ్లకి ఫొటోలు తీసే వీరబాబుని పిలిపించాడు.

"బూజు మీద నూగు కూడా కనపడుద్ది బాబాయ్," అన్నాడు వీరబాబు, తలకాయంత కెమెరా ఎత్తి.

కనపడింది. గొడవంతా దాంతోనే వచ్చింది. కేంద్రంలో హేమశ్రీ ఆ ఫొటోని కంప్యూటర్లో చూసి పెదవి విరిచింది.

"ఇరవై ఎంబీలుంది బాబాయ్ గారూ. రెండు దాటితే తీసుకోదు."

"ఎట్టా తగ్గేదమ్మా?"

"ఫొటోలో సరుకు ఎక్కువైతే సైజు పెరుగుద్దంట. నాకు తెలిసింది అంతే."

చెంచయ్య వీరబాబు వంక చూశాడు. "తగ్గించే సెట్టింగేదో ఉందంట బాబాయ్. కెమెరా కొన్నరోజు షాపువాడు ఎట్టా పెట్టిచ్చాడో అట్టానే ఉంది, ఇంతవరకు వేలు పెట్టలా. పెళ్లికూతుళ్లని గోడంత చేశాగానీ, ఎవర్నీ తగ్గించలా," అన్నాడు వాడు.

ఇక తగ్గాల్సింది కల్లమే. తిరిగొచ్చి, పట్టుచీర కట్టుకుని ఆరబోసిన కాయ పక్కన నిలబడ్డ భార్య కోటిరత్నం మీద పడ్డాడు చెంచయ్య.

"నువ్వు అవతలికి జరుగు. నీ జరీ అంచే మూడు ఎంబీలుంటది."

"కట్టుకోమని చంపింది నువ్వేగా!"

ఆవిడ జరిగితే పద్దెనిమిది. వెనక కట్టేసున్న గేదెని విప్పి తోలేస్తే పదహారు. పరిచిన కాయని కుప్పచేస్తే పదకొండు. ప్రతి ఫొటోకీ బండి మీద కేంద్రానికి పోవడం, తిట్లు తిని రావడం. చద్దన్నం పులిసిపోయింది.

నాలుగున్నరకి మళ్లీ తుంపర మొదలైంది. కోటిరత్నం పరుగున వెళ్లి కుప్ప మీద నీలం టార్పాలిన్ పట్టా లాగేసింది. వీరబాబు ఆ కంగారులోనే ఒకటి నొక్కాడు.

"ఒకటిన్నర!" అని కేక పెట్టింది కేంద్రంలో హేమశ్రీ. ఫొటో ఎక్కేసింది.

"ఇందులో కాయేదమ్మా?"

"ఎక్కింది కదా, ఇంకేం కదిలించొద్దు బాబాయ్ గారూ!"

ఇరవై రోజులకి జవాబొచ్చింది. 'పంట పట్టా క్రింద భద్రముగా ఉన్నది. నష్టము లేదు.' చెంచయ్య ఆ కాగితం పట్టుకుని మండలాఫీసు మీదికి పోయాడు.

"పట్టా ఎత్తి చూడండయ్యా!"

"ఫొటోలో ఎత్తడం కుదరదండీ," అన్నాడు అధికారి మర్యాదగా. "మిగతావాళ్ల ఫొటోల్లో ఏమీ తెలియడం లేదు. నష్టం లేదనడానికి వీల్లేక అందరికీ ఇచ్చేశాం. మండలం మొత్తంలో స్పష్టంగా ఉన్నది మీదొక్కటే."

ఆ స్పష్టతకే మెచ్చి, పంటని కాపాడుకున్న ఆదర్శ రైతని పేరు పెట్టి, చెంచయ్యని సభకి పిలిచి శాలువా కప్పారు. పరిహారం అందుకున్న రైతులందరూ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.