ముళ్ళు తీయించిన సుగంధరావు

ఒక పెద్ద అడవిలో బొరియలు పంచడానికి ఓ ఆఫీసు ఉండేది. అడిగినవాళ్ళకి బొరియ ఇవ్వడం, వాళ్ళు ఖాళీ చేశాక ఇంకొకరికి ఇవ్వడం దాని పని. కంప్యూటరుకి గుండెకాయలాంటి ప్రోగ్రాము కూడా తన మెమరీని ఇలాగే ఇచ్చి పుచ్చుకుంటుందట. చిక్కూ అదే. బొరియ వదిలినంత తేలిగ్గా కాళ్ళు అలవాటు వదలవు. కుందేలు పరాకుగా తన పాత బొరియలో దూరుతుంది. అప్పటికే అందులో తోడేలు కాపురం పెట్టి ఉంటుంది.

ఆఫీసుకి పెద్ద పునుగుపిల్లి సుగంధరావు. మంచివాడే, కాకపోతే పొగడ్తంటే చెవి కోసుకుంటాడు. త్వరలో సింహం తనిఖీకి వస్తోంది. అడవి నిశ్శబ్దంగా ఉంటే ‘ప్రశాంత రత్న’ బిరుదు ఇస్తుందట. ఆ బిరుదు మీద బెంగతో సుగంధరావుకి తిండి కూడా సయించడం లేదు.

దానికి అడ్డల్లా ఆఫీసులో బొరియల తనిఖీ చూసే ఏదుపంది సూరమ్మ. ఖాళీ అయిన బొరియని కొన్నాళ్ళపాటు ఎవరికీ ఇవ్వనివ్వదు. లోపల తన ముళ్ళు పరిచి ఉంచుతుంది. పరాకుగా దూరినవాళ్ళు “అబ్బా!” అని కేక పెడతారు. పొద్దస్తమానం అడవిలో ఇదే గోల.

ఒక మధ్యాహ్నం ఆ కేక సుగంధరావే పెట్టాడు. పదవి వచ్చాక రాతి గుహకి మారాడు గానీ, పాత బొరియలో తప్ప కునుకు పట్టదాయనకి.

“నాకే గుచ్చుతావా?” అని వెనకభాగం పట్టుకుని గంతులేశాడు.

“మీరది వదిలేశారు కదా సార్,” అంది సూరమ్మ. “ఇప్పుడంటే ముల్లే, నయం. రేపు అందులో ఇంకెవరైనా దిగాక వెళితేనో?”

“నువ్వు రాకముందు ఇక్కడ ఒక్క కేకైనా విన్నామా?”

“అరవడానికి ఎవరైనా మిగిలితేగా సార్!”

సుగంధరావు ఒళ్ళు మండిపోయి సభ పెట్టించాడు. “కేకలకి కారణం మన పరాకు కాదు, ఈవిడ తనిఖీ!” అన్నాడు. అందరికీ ఎక్కడో ఒకచోట గుచ్చుకునే ఉంది కాబట్టి చప్పట్లు మారుమోగాయి. ముళ్ళన్నీ ఏరి పారేశారు. సూరమ్మని వాగు అవతల చీమలపుట్టల శాఖకి బదిలీ చేశారు.

అడవి సద్దుమణిగింది. సుగంధరావు ప్రాణం లేచొచ్చింది.

“కుందేలు మొన్నట్నుంచి కనబడటం లేదు సార్,” అంది ఉడత.

“ఊరెళ్ళి ఉంటుందిలే.”

సింహం వచ్చే రోజు పొద్దున్నే ఇంకో హుకుం జారీ చేశాడు. “ఖాళీ బొరియ కనబడితే మన పరువేం కాను? ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేయండి!” హడావిడిలో తన పాత బొరియ సంగతి గుర్తే లేదు మహానుభావుడికి.

సింహం వచ్చి చెవులు రిక్కించింది. ఎక్కడా చప్పుడు లేదు. “భేష్!” అని బిరుదిచ్చి మెడలో దండ వేసింది. సుగంధరావుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

విందు భుక్తాయాసంతో కాళ్ళు వాటంతటవే పాత బొరియ దారి పట్టాయి. ముళ్ళు లేవు. హమ్మయ్య అనుకుంటూ లోపలికి జారాడు. కింద మెత్తగా, చల్లగా తగిలింది.

“అరె, పరుపు కూడా వేయించారే!” అని మురిసిపోయాడు.

పరుపు కదిలింది.

“దయచేయండి సార్,” అంది కొండచిలువ. “పొద్దున్నే కదా నాకీ ఇల్లిచ్చారు. గృహప్రవేశానికి స్వయంగా తమరే వస్తారనుకోలేదు.”

“సూరమ్మా!” అని అరవబోయాడు సుగంధరావు. అప్పటికే చుట్టు బిగిసింది.

సాయంత్రం సింహం బయల్దేరుతూ, “మన ప్రశాంత రత్న ఏడీ?” అని అడిగింది.

“ఊరెళ్ళి ఉంటారు ప్రభూ,” అంది ఉడత.

నీతి: తప్పులు బయటపడకూడదంటే వెతకడం మానేస్తే చాలు, తక్కింది కొండచిలువ చూసుకుంటుంది.